కీలెరిగి కోత

జింక ఒంటిని కూర్చి ఉంచేవి మూడు. కండ చివర తెల్లగా, తాడులా బిగిసి ఎముకను పట్టుకునేది స్నాయుబంధనం. ఎముకకు ఎముకను ముడివేసేది సంధిబంధనం. కండలను దేనికది విడిగా చుట్టి ఉంచేది పలచటి పొర. వేట తరవాత మాంసం నుంచి ఎముక తీయడమంటే ఈ మూడింటినీ ఒక వరసలో విడిపించడమే. ఎముకను నరకాల్సిన పని ఇందులో దాదాపు ఉండదు. ఎక్కడ కీలుందో తెలిసినవాడికి చిన్న కత్తి చాలు. తెలియనివాడికి గొడ్డలి ఇచ్చినా పని సాగదు, పైగా ఎముక ముక్కలు మాంసంలో కలుస్తాయి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ పని చరిత్ర వేల ఏళ్ల వెనక్కి పోతుంది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ పారే మైదానం. అడవిలో దుప్పి, కణితి, కొండగొర్రె తిరుగుతాయి. బయలు నేలల్లో కృష్ణజింకలు మందలుగా మేస్తాయి. వాటి మీద బాణం వేయడం, ఉచ్చు పన్నడం ఇప్పుడు నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటతో పాటు మాంసం దగ్గర పెట్టుకోవడాన్నీ నిషేధించింది. అందువల్ల ఇక్కడ జింకను ఎలా కోసేవారో తెలుసుకోవడానికి రెండు దారులే మిగిలాయి. ఒకటి, బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల నేలలోనూ గుహల్లోనూ దొరికిన రాతి పనిముట్లు, ఎముకలు. రెండోది, జింక లాంటి ఒంటి కట్టే ఉన్న పొట్టేలును నిత్యం కోసే ఊరి కటిక అంగళ్లు.

జింక, పొట్టేలు రెండూ గిట్టలున్న నెమరు జంతువులే. కృష్ణజింక నిజానికి దుప్పి కుటుంబానికి చెందింది కాదు. దాని కొమ్ములు ఏటా రాలవు. వంశం చూస్తే అది గొర్రెకు, మేకకు దగ్గర చుట్టం. తోలు ఒలిచి పక్కపక్కన పెడితే ఈ జంతువులన్నిటిలో కీళ్ల వరస ఒకటే, కండల వరస ఒకటే. తేడా పరిమాణంలో ఉంటుంది. కొవ్వులోనూ ఉంటుంది. పొట్టేలు మాంసంలో కొవ్వు కండ మధ్యకు కూడా చేరుతుంది. జింకకు అది ఎక్కువగా తోలు కిందా మూత్రపిండాల చుట్టూ పేరుకుంటుంది. ఆ కొవ్వు చల్లారగానే మైనంలా గట్టిపడి అంగిట్లో అతుక్కుంటుంది. ఎముకతో పాటు కొవ్వునూ పొరనూ శుభ్రంగా తీసేయాలని జింక మాంసం విషయంలో పట్టుబట్టడానికి కారణం ఇదే.

ముందుకాలు తీయడం అన్నిటికన్నా సులువు. మనిషికి మెడ కింద అడ్డంగా జత్రుక ఉంటుంది, చేతిని ఎముకల గూటికి అదే కలుపుతుంది. జింకకు జత్రుక లేదు. దాని ముందుకాలు ఛాతీకి ఏ ఎముకతోనూ, ఏ కీలుతోనూ అతికి ఉండదు. కేవలం కండల మీద వేలాడుతుంది. పరిగెత్తి దూకి నేలమీద పడేటప్పుడు ఆ అదురును కండలే మింగేసేలా ఏర్పడిన అమరిక ఇది. కోసేవాడికి దీనివల్ల పని తేలికైంది. కాలును ఒంటి నుంచి పక్కకు ఎత్తి పట్టుకుని చంక కింద కత్తి పెట్టి, పక్కటెముకలను ఆనుకుని పైకి లాగితే భుజఫలకంతో సహా కాలంతా ఊడి చేతికొస్తుంది. నరకడం లేదు, విరవడం లేదు. ఆ తరవాత భుజఫలకం మీద నిలువుగా ఉన్న గట్టును వేలితో తడిమి, గట్టుకు అటొక కోత, ఇటొక కోత పెడితే రెండు పొడుగాటి కండలు విడిపోతాయి.

వెనకకాలు అలా కాదు. తొడ ఎముక తల గుండ్రటి బంతిలా తుంటి గుంటలో కూర్చుంటుంది. దాన్ని గుంటకు కట్టి ఉంచే పొట్టి బంధనం ఒకటి లోపల దాగి ఉంటుంది. కండను ఎముక దాకా కోసి, కాలును బయటికి వంచితే కీలు నోరు తెరుస్తుంది. కత్తి మొనను ఆ సందులోకి దూర్చి బంధనం తెంపడమే మిగిలిన పని. తొడలో నాలుగైదు పెద్ద కండలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య పొరల దారి ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు అక్కడ కత్తి కన్నా బొటనవేలినే ఎక్కువ వాడతారు. పొర దొరికితే వేలు దానంతటదే జారుతుంది, కత్తి అడుగున అతుక్కున్న చోట మాత్రమే అవసరమవుతుంది. ఇలా తీసిన కండ చుట్టూ తన పొర చెడకుండా ఉంటుంది కాబట్టి రసం కారదు, బయటి మురికి లోపలికి పోదు.

వెన్నుకు రెండు వైపులా మెడ మొదలు నుంచి తుంటి దాకా సాగే కండ జింక ఒంట్లో అన్నిటికన్నా విలువైంది. వెన్నుపూసల ముల్లు వెంట నిలువుగా ఒక కోత, పక్కటెముకల మీదుగా అడ్డంగా ఇంకొక కోత పడితే అది పట్టీలా లేచి వస్తుంది. నడుము లోపలి వైపు, వెన్ను కింద దాగి ఉండే చిన్న కండ దీనికన్నా మెత్తగా ఉంటుంది. బరువు మోసే పనీ పరిగెత్తే పనీ దానికి తక్కువ. పక్కటెముకల మధ్య మాంసం, మెడ మాంసం తీయడానికి పట్టే శ్రమకు దొరికేది తక్కువ. అవి కీమాకు పోతాయి.

నంద్యాల కటిక అంగట్లో మామూలు రోజున ఇంత ఓపిగ్గా కోయించుకునేవాళ్లు తక్కువే. కొనేవాళ్లు ఎముకతోనే అడుగుతారు. పులుసుకు రుచి ఎముక నుంచి, నల్లి నుంచి వస్తుంది. చింత మొద్దు మీద బరువైన కత్తితో తొడను అడ్డంగా నరికేస్తారు. చింత చెక్క గట్టిది, పీచు లేవదు. అయితే కీమాకో, ఎముక లేని బిర్యానీకో అడిగినప్పుడు అదే మనిషి పెద్ద కత్తి పక్కన పెట్టి సన్నటి చిన్న కత్తి అందుకుంటాడు. తొడ లోపలి వైపు ఎముక వెంట పైనుంచి కిందికి ఒక్క గీత గీస్తాడు. ఎముక తెల్లగా కనబడగానే కత్తి అంచును మాంసం వైపు కాకుండా ఎముక వైపు తిప్పి గీకుతూ పోతాడు. మోకాటి చిప్ప దగ్గర ఒక క్షణం ఆగి, వేలితో కీలు సందు వెతికి, అక్కడ కోసి, తొడ ఎముకను గూటంలా పట్టుకుని మెలితిప్పుతాడు. ఎముక మీద పిసరు మాంసం కూడా మిగలదు. కత్తి అంచు ఎప్పుడూ ఎముక వైపే ఉండాలన్న నియమం దేశం మారినా, జంతువు మారినా మారదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఎలా చేయాలన్నంత ముఖ్యం. జింక బతికున్నప్పుడు ఒంటి వేడి 39 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ప్రాణం పోయాక రక్తం తిరగదు, ఆ వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. తొడ లాంటి మందపాటి చోట లోపలి వేడి గంటల తరబడి నిలిచి ఉంటుంది. సూక్ష్మజీవులకు అంతకన్నా అనువైన వేడి ఉండదు. అందుకే మాంసం చెడేటప్పుడు చాలాసార్లు ముందు ఎముక పక్కన, లోపలి నుంచి వాసన మొదలవుతుంది. పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది. వేసవిలో 44, 45 డిగ్రీలు తాకే నంద్యాల లాంటి చోట ఎముక తీయడమంటే మాంసాన్ని చల్లబరిచే పద్ధతి కూడా. ఎముక తీస్తే కండ పలచబడుతుంది, గాలి తగులుతుంది, వేడి పోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కండలో శక్తినిచ్చే ఏటీపీ అణువులు నిండుకునే కొద్దీ కండ నారలు ఒకదానికొకటి కొక్కెంలా బిగుసుకుంటాయి. కొన్ని గంటల్లో ఒళ్లంతా కట్టెలా మారుతుంది. తరవాత కండలోని ఎంజైములు నారలను నెమ్మదిగా తెగ్గొడితే బిగువు సడలుతుంది. బిగుసుకోక ముందే ఎముక తీస్తే కండను సాగదీసి పట్టి ఉంచే ఆధారం పోతుంది, అది కుంచించుకుని గట్టిపడుతుంది. ఆ స్థితిలో వెంటనే బాగా చల్లబరిస్తే ఇంకా ఎక్కువ కుంచించుకుంటుంది. చలిదేశాల వేటగాళ్లు అందుకే జింకను ఎముకలతోనే ఒకట్రెండు రోజులు వేలాడదీసి తరవాత కోస్తారు. వేడి నేలల్లో అంత ఆగలేరు. మెత్తదనం కోసం ఆగితే మాంసమే మిగలదు. కాబట్టి ముందే కోసి, గట్టిదనాన్ని ఎక్కువసేపు ఉడికించడంతో సరిచేసుకున్నారు. మామూలు పొర ఉడికే కొద్దీ జిగురుగా మారిపోతుంది. కండ మీద వెండిలా మెరిసే పొర మాత్రం ఎంత ఉడికినా కరగదు. దాన్ని కత్తితో తీయాల్సిందే.

పనిముట్ల సంగతికి వస్తే నంద్యాల జిల్లా నేల ఒక పెద్ద ఆధారాల గని. ఇక్కడి రాతి పొరలకు భూవిజ్ఞానులు పెట్టిన పేర్లే బనగానపల్లె, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. సున్నపురాయి, స్ఫటికశిల, పలకరాయి ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. వీటితో పాటు చెర్ట్, కాల్సిడోనీ లాంటి నున్నటి గట్టి రాళ్లు కూడా దొరుకుతాయి. కోత పనికి పనికొచ్చేవి ఇవే. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్ బృందం తవ్వకాలు జరిపింది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద పొర ఆ లోయలో ఇంకా ఉంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఈ సంగతి 2007లో సైన్స్ పత్రికలో వెలువడింది.

అదే లోయలోని ఒక రాతి మరుగులో సుమారు 35,000 ఏళ్ల కిందటి నుంచి సూక్ష్మ శిలాపరికరాలు కనిపిస్తాయి. ఇవి వేలి గోరంత వెడల్పున్న సన్నటి రాతి బద్దలు. ఒక అంచు పదునుగా ఉంటుంది, రెండో అంచును కావాలనే మొద్దు చేస్తారు. మొద్దు అంచును కర్రలోనో కొమ్ములోనో చేసిన గాడిలో కూర్చి జిగురుతో అతికిస్తే బాణపు మొనో, కత్తో తయారవుతుంది. ఒక బద్ద విరిగితే పనిముట్టంతా పారేయక్కర్లేదు, ఆ ఒక్కటీ మార్చుకుంటే చాలు.

రాతి బద్ద కోత సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేయడం పొరపాటు. అప్పుడే కొట్టి తీసిన చెర్ట్ అంచు ఉక్కు కత్తికి తీసిపోదు. పొరలు విడదీయడానికి, సన్నటి కోతకు అది సరిగ్గా సరిపోతుంది. దాని బలహీనత ఓర్పు లేకపోవడం. జింక వెంట్రుకల్లో చిక్కుకున్న ఇసుక, మట్టి దాని పదునును ముందే తినేస్తాయి. ఎముక తగిలితే అంచు చిట్లుతుంది. కొవ్వు అంటితే జారుతుంది. రాతి యుగపు మనిషి పదును పెట్టుకుంటూ కూర్చోలేదు, కొత్త బద్ద కొట్టుకున్నాడు. వేట కోసిన చోట ఒకే రకం చిన్న బద్దలు గుట్టగా మిగలడానికి ఇదొక కారణం. ఇనుము వచ్చాక ఈ లెక్క తిరగబడింది. ఇనుప కత్తి సులువుగా విరగదు, సానరాయి మీద మళ్లీ మళ్లీ పదును తెచ్చుకోవచ్చు. ఇప్పటి ఎముక తీసే ఉక్కు కత్తి అలగు సాధారణంగా 13 నుంచి 15 సెంటీమీటర్లు. వెడల్పు తక్కువ, మొన సూటిగా ఉంటుంది. కొంచెం వంగే అలగు గుండ్రటి కీలు చుట్టూ తిరగడానికి బాగుంటుంది, వంగనిది పెద్ద కణితి లాంటి జంతువు తొడకు బాగుంటుంది. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన చెయ్యి జారుతుంది. తెగిన వేళ్లు ఎక్కువగా మొద్దు కత్తి పుణ్యమే.

ఎంత నేర్పుగా కోసినా కత్తి అప్పుడప్పుడు ఎముకకు తగులుతుంది. ఆ గీతలే పురావస్తు శాస్త్రవేత్తలకు దస్తావేజులు. ఎక్కడ గీత పడిందన్నదాన్ని బట్టి ఏ పని జరిగిందో చెప్పొచ్చు. గిట్టల పైన సన్నటి కాలి ఎముక చుట్టూ ఉంగరంలా గీతలుంటే తోలు ఒలిచారని అర్థం. అక్కడ కోయడానికి మాంసమే ఉండదు. మోచేయి, తుంటి కీళ్ల అంచుల్లో పొట్టి అడ్డ గీతలుంటే అవయవాలు విడదీశారని. తొడ ఎముక నడుమ పొడుగ్గా, ఏటవాలుగా గీతలుంటే ఎముక నుంచి కండ ఒలిచారని. ఈ వర్గీకరణకు రూపం ఇచ్చినవాళ్లలో అమెరికా పురావస్తువేత్త లూయిస్ బిన్‌ఫర్డ్ ముఖ్యుడు. అలాస్కాలో రెయిన్‌డీర్ జాతి జింకలను వేటాడే నూనమ్యూట్ ప్రజలతో కలిసి తిరిగి, వాళ్లు ఎక్కడ కోస్తారో, ఏ భాగం వదిలేస్తారో, ఏది ఇంటికి మోసుకొస్తారో రాసుకున్నాడు. ఆ పరిశీలనలతో అతని పుస్తకాలు 1978లో, 1981లో వెలువడ్డాయి.

గీత మనిషిదా, మృగానిదా అన్నది తేల్చడం ఇంకో పని. రాతి అంచు గీసిన గాడి అడుగు ఇరుకుగా, కోసుగా ఉంటుంది. లోపల దానికి సమాంతరంగా సన్నటి గీరలు కనిపిస్తాయి. ఉక్కు కత్తి గాడి ఇంకా శుభ్రంగా ఉంటుంది. హైనా, చిరుత పళ్లు గుంటలు, వెడల్పాటి గాడులు చేస్తాయి. ముళ్లపంది ఎముకను కొరికి కొరికి పక్కపక్కనే చదునైన చాళ్లు తీస్తుంది. ఇసుక నేలలో జంతువుల కాళ్ల కింద నలిగిన ఎముక మీద కూడా కత్తి గాటు లాంటి గీతలే పడతాయని 1986లో ప్రయోగాలు చూపించాయి. అందుకే ఒక్క గీతను చూసి ఎవరూ తీర్పు చెప్పరు. ఎన్ని గీతలున్నాయి, ఏ కోణంలో ఉన్నాయి, అక్కడ కోయాల్సిన అవసరం ఉందా అని అడుగుతారు.

ఈ ప్రశ్నలకు నంద్యాల జిల్లాలోనే ఒక పెద్ద పరీక్షా స్థలం ఉంది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లోని ఎముకల గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో రాశాడు. నలభై ఏళ్ల తరవాత రాబర్ట్ బ్రూస్ ఫుట్, అతని కొడుకు హెన్రీ ఫుట్ అక్కడ తవ్వి వేల కొద్దీ ఎముకలు తీశారు. వాటిని రిచర్డ్ లిడెక్కర్ గుర్తించి 1886లో వివరించాడు. మనిషి చెక్కినవని ఫుట్ భావించిన ఎముక పనిముట్లలో చాలావాటిని తరవాతి పరిశోధకులు అనుమానించారు. గుహల్లోకి ఎముకలను ఈడ్చుకొచ్చేది మృగాలు, ముళ్లపందులు కూడా కదా! 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి, కర్నూలు గుహలని పేరుపడ్డ ఇక్కడి గుహల్లో మళ్లీ పని మొదలుపెట్టి ముచ్చట్ల చింతమాను గవిలో ఎముక పనిముట్లను, ఒక పాత పొయ్యిని గుర్తించారు. ఆ పొయ్యి వయసు సుమారు 17,000 ఏళ్లని తేలింది. 2014లో అచ్చయిన ఇంకో అధ్యయనం బిల్లసర్గం ఎముకల ఆధారంగా విలువైన సంగతి చెప్పింది. గత 2 లక్షల ఏళ్లలో అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు ఇప్పటికీ ఉపఖండంలో బతికే ఉన్నాయి. అంటే రాతి బద్దతో జింకను కోసినవాడు చూసిన జంతువులు, ఇప్పటికీ ఉపఖండంలో తిరుగుతున్న జంతువులు దాదాపు ఒకటే.

ఎంత మాంసం వస్తుందన్నది ఏం మోయాలో నిర్ణయిస్తుంది. 70 కిలోల మగ దుప్పి నుంచి తల, తోలు, పేగులు, గిట్టలు పోతే సుమారు 40 కిలోలు మిగులుతుంది. ఎముక తీస్తే 30 కిలోల లోపే. అడవిలో నాలుగు కోసులు నడవాలంటే ఈ తేడా తక్కువేం కాదు. అలాగని పాత కాలంలో ఎముకలను ఊరికే వదల్లేదు. పొడుగాటి కాలి ఎముకలను రాతితో పగలగొట్టి నల్లి తీసేవారు. ఎండాకాలంలో చిక్కిపోయిన జంతువు ఒంట్లో చివరిదాకా మిగిలే కొవ్వు అదే. గిట్టల పైని నిటారు ఎముక సూదులకు, దబ్బనాలకు పనికొచ్చేది. వెన్ను వెంటి స్నాయుబంధనం ఎండితే గట్టి దారమయ్యేది. ఒలిచిన కండను పీచు వెంట పొడుగాటి పేలికలుగా కోసి ఉప్పు, పసుపు పట్టించి తాడు మీద ఎండేస్తే ఉప్పుకండలవుతాయి. రాయలసీమ ఇళ్లలో పొట్టేలు మాంసంతో ఇప్పటికీ చేస్తారు. ఎముక ఉంటే ఇది కుదరదు, ఎముక పక్కన తేమ పోకముందే మాంసం పాడవుతుంది.

అయితే ఇలాంటి వేట రోజూ దొరికేది కాదు. నల్లమల అడవుల్లో ఉండే చెంచు తెగ మధ్య 1940లో తిరిగిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ వాళ్ల తిండిలో ఎక్కువ భాగం దుంపలు, పళ్లు, ఆకులేనని రాశాడు. విల్లు, ఇనుప మొన బాణం వాళ్ల చేతిలో ఉన్నా పెద్ద జంతువు దొరకడం అరుదు. ఆ బాణం ఉత్సవంలోనూ కనిపిస్తుంది. ఆళ్లగడ్డ పక్కనున్న అహోబిలంలో సంక్రాంతి తరవాత జరిగే పారువేటలో స్వామి పల్లకి ఊళ్లు తిరుగుతుంది. చెంచుల బాణంతో మొదలయ్యే ఆ ఉత్సవంలో ఏ జంతువూ చావదు. నల్లమల అడవి 1983లో పులుల అభయారణ్య పథకం కిందికి వచ్చింది. జాడలు చదవడంలో తరతరాల నేర్పున్న చెంచులు అనేకమంది ఇప్పుడు అటవీశాఖ కాపలా బృందాల్లో పనిచేస్తున్నారు.

వేట చట్టబద్ధమైన చోట్ల ఎముక తీయడానికి ఈ మధ్య ఒక ఆరోగ్య కారణం కూడా చేరింది. 1967లో అమెరికాలోని కొలరాడోలో జింకలకు మెదడు క్షీణించే ఒక జబ్బు కనిపించింది. దానికి కారణం ప్రియాన్ అనే వికృత ప్రొటీన్. అది మెదడు, వెన్నుపాము, శోషరస గ్రంథుల్లో ఎక్కువగా పేరుకుంటుంది, వండినా నశించదు. అందువల్ల వెన్నును రంపంతో కోయకుండా, రెండు పక్కలా కండను మాత్రమే ఒలిచి, వెన్నుపామును ముట్టకుండా వదిలేయమంటున్నారు. అక్కడి చాలా రాష్ట్రాలు జబ్బు ఉన్న ప్రాంతం నుంచి వెన్ను, తల ఉన్న కళేబరాన్ని బయటికి పోనివ్వవు. ఎముక తీసిన మాంసానికి అనుమతి ఉంటుంది.

మన దగ్గర దొంగవేటగాళ్లు ఎముక తీసేది వేరే కారణానికి. తల, కొమ్ము, తోలు, గిట్ట అక్కడే పారేసి కండ ఒక్కటే సంచిలో వేస్తే అది ఏ జంతువో కంటితో చెప్పలేరు. పొట్టేలు మాంసమని బుకాయించవచ్చు. ఈ దారిని హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీసీఎంబీ మూసేసింది. సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ అనేక జంతు జాతులకు ఒకేలా పనికొచ్చే డీఎన్ఏ పరీక్షను రూపొందించి 2003లో ప్రచురించారు. కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్-బి అనే జన్యువు ఉంటుంది. అందులో రెండు చోట్ల వరస చాలా జంతువుల్లో దాదాపు ఒకటే, ఆ రెంటి నడిమి వరస జాతి జాతికీ మారుతుంది. ఆ రెండు చోట్లను పట్టుకుని నడిమి భాగాన్ని లక్షల నకళ్లు తీసి చదివితే జాతి పేరు బయటపడుతుంది. ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్ఏ నకళ్లు వందల్లో, వేలల్లో ఉంటాయి కాబట్టి ఎండిన కండ, వండిన ముక్క నుంచి కూడా ఇది చాలాసార్లు సాధ్యమవుతుంది. సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు దేశం నలుమూలల నుంచి అటవీశాఖలు నమూనాలు పంపుతాయి. సంచిలోని కండ కృష్ణజింకదని తేలితే, అది చట్టంలో ఒకటో షెడ్యూలు జంతువు కాబట్టి, శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, దాని మీద జరిమానా.